మద్యం ఆదాయం పెరిగింది, శిశు మరణాలు తగ్గాయి: రెండూ ఒకే గ్రాఫులో పెట్టొచ్చా?

చిక్కడపల్లి చదువరి

అన్నలకు, అక్కలకు నమస్తే. గ్రూప్-1 మెయిన్స్ కోసం లైబ్రరీలో మా బ్యాచ్ వాళ్లం వ్యాసాలు రాసి ఒకరివి ఒకరం దిద్దుకుంటున్నాం. ఈసారి నాకు వచ్చిన అంశం తెలంగాణ రాష్ట్ర పన్నుల ఆదాయం, ప్రజారోగ్యం. ఒక గ్రాఫు గీశాను. అందులో ఒక గీత ఎక్సైజ్ ఆదాయం. 2025-26 బడ్జెట్ అంచనాలో అది 27 వేల కోట్ల పైమాటే, రాష్ట్రం వచ్చినప్పటితో పోలిస్తే ఎన్నో రెట్లు. రెండో గీత శిశు మరణాల రేటు. 2014లో వెయ్యి జననాలకు 35 ఉన్నది 2020కి 21కి దిగింది. మాతృ మరణాలు కూడా అంతే. 2014-16లో లక్ష జననాలకు 81, 2018-20లో 43.

నా వాదన ఇదీ: మద్యం మీద వచ్చిన డబ్బే కేసీఆర్ కిట్‌కు, బస్తీ దవాఖానాలకు, ఆరోగ్యశ్రీకి పోయింది. మద్యం ఆదాయాన్ని తిట్టడం తేలికే గానీ లెక్కలు వేరే మాట చెప్తున్నాయి. మా ఫ్రెండ్ మాత్రం "ఈ పేరా చదివితే పేపర్ దిద్దేవాడు అక్కడే పెన్ను పెట్టేస్తాడు" అంటున్నాడు. మీరేమంటారు?

బోడుప్పల్ బాబాయ్

మా గల్లీ మొదట్లో వైన్స్, చివర్లో బస్తీ దవాఖానా. నీ లెక్కన క్వార్టర్ కొన్న ప్రతి ఒక్కడూ ఒక పసిగుడ్డును బతికించినట్టే. ఈ మాట మా ఆవిడకు చూపిస్తా. ఇంట్లో కాస్త మర్యాద పెరుగుతుందేమో.

సైఫాబాద్ ఆడిటర్

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి చూద్దాం, మరణాల సంగతి తర్వాత.

మద్యం డబ్బు ఆసుపత్రికి పోయిందని చూపించే కాగితం ఎక్కడా ఉండదు. రాష్ట్రానికి వచ్చే పన్నులన్నీ సంచిత నిధిలో కలుస్తాయి. అక్కడ కలిసిన రూపాయికి ఇది బీరు రూపాయి, ఇది రిజిస్ట్రేషన్ రూపాయి అని గుర్తు ఉండదు. "మద్యం డబ్బుతోనే పింఛన్లు ఇస్తున్నారు" అని చాయ్ హోటల్లో అనుకోవచ్చు, జవాబు పత్రంలో రాయకూడదు.

రెండోది, నువ్వు తీసుకున్న గీత సగమే. బడ్జెట్ పుస్తకంలో ఎక్సైజ్ పద్దు నంబరు 0039. కానీ మద్యం మీద వ్యాట్ కూడా ఉంది, అది 0040 అనే అమ్మకపు పన్ను పద్దులో పడుతుంది. అందులోనే పెట్రోలు, డీజిల్ వ్యాట్ కూడా కలిసి ఉంటుంది. మద్యాన్ని జీఎస్టీలోకి తేలేదు కాబట్టి ఈ రెండు దారులూ రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. ఉత్త 0039 చూపించి ఇదే మద్యం ఆదాయం అంటే తక్కువ చెప్పినట్టవుతుంది.

మూడోది నాకు అన్నింటికన్నా ముఖ్యం. 2023-24 దగ్గర నీ గీత ఎగిరి ఉంటుంది, చూసుకో. అది తాగుడు పెరిగి ఎగిరింది కాదు. 2,620 వైన్స్ షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోతే తిరిగి ఇవ్వరు. 1 లక్షా 31 వేల పైచిలుకు దరఖాస్తులు పడ్డాయి. ఒక్క చుక్క అమ్మకుండానే 2,600 కోట్లు దాటింది. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల దగ్గరే ఆగాయి, అయినా డబ్బు 2,800 కోట్లు దాటింది. ఆశపడ్డవాళ్లు తగ్గారు, ఆదాయం పెరిగింది. ధరలు పెంచినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచిన రోజే రేట్లు పెంచారు, గుర్తుందా? కాబట్టి రూపాయల్లో గీసిన గీతను చూసి ఎంత తాగారో చెప్పలేవు.

ఇక ఖర్చు వైపు. అదే 2025-26లో మొత్తం బడ్జెట్ 3 లక్షల 4 వేల కోట్లు దాటింది. ఆరోగ్య శాఖకు పెట్టింది 12,393 కోట్లు. అంటే 4 శాతం చిల్లర. రాష్ట్రాలు బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి పెట్టాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది, అదీ 2022 కల్లా. ఒక్క ఎక్సైజ్ పద్దే ఆరోగ్య శాఖకు ఇచ్చిన దానికి రెండింతలకు పైన ఉంది. నీ వాదనకు ఈ అంకె అడ్డం తిరుగుతుంది.

సీతాఫల్‌మండి స్టాట్స్

ఆడిటర్ గారు డబ్బు గీతను చూసుకున్నారు. మరణాల గీత సంగతి నేను చెప్తా.

బీహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం. మద్యం ఆదాయం పోయింది. అక్కడ శిశు మరణాల రేటు 2015లో 42, 2020లో 27. పదిహేను తగ్గింది. అదే ఐదేళ్లలో మన దగ్గర 34 నుంచి 21, అంటే పదమూడు. ఇప్పుడు బీహార్ కుర్రాడు ఒకడు పాట్నా లైబ్రరీలో కూర్చుని "మద్యం ఆపితే పిల్లలు బతికారు" అని నీలాగే గ్రాఫు గీస్తే ఏమంటావు? దేశం మొత్తం మీద కూడా 37 నుంచి 28కి వచ్చింది ఆ కాలంలోనే. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఆశాలు, 108 బండ్లు, ఆడపిల్లల చదువు, ఇవన్నీ అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేసారి కదిలాయి. దానితో పాటు పెరిగిన దేన్ని పక్కన పెట్టినా గ్రాఫు అందంగానే కనపడుతుంది. సెల్‌ఫోన్ రీచార్జులు పెట్టి చూడు.

ఇంకోటి. ఈ రేటు వచ్చేది ఎస్‌ఆర్‌ఎస్ సర్వే నుంచి. అది నమూనా సర్వే. ఎంచుకున్న ఊళ్లలో, వార్డుల్లో మాత్రమే జనన మరణాలు రాసుకుంటారు. మనలాంటి రాష్ట్రంలో ఒకటి రెండు పాయింట్ల తేడాకు అర్థం లేదు. మాతృ మరణాలు ఇంకా అరుదు కాబట్టే మూడేళ్లవి కలిపి చెప్తారు. తర్వాతి విడతలో, 2019-21కి, మన అంకె 43 నుంచి 45కి వచ్చింది. అంటే ఆసుపత్రులు చెడిపోయాయనా? కాదు.

చిక్కడపల్లి చదువరి

సరే అన్నా, కారణం అని రాయను. కానీ నాకో అనుమానం. మద్యం అంత చెడ్డదైతే మరణాల లెక్కల్లో అది ఎక్కడో ఒకచోట కనపడాలి కదా? నేను వెతికిన ఏ పట్టికలోనూ అది పెద్ద కారణంగా లేదు. పైన గుండె జబ్బులు, తర్వాత ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తులు. కనపడనిదాన్ని ఉందని ఎలా రాయను?

నల్లకుంట డాక్టరు

ఇది అడగాల్సిన ప్రశ్నే. కోరంటి ఆసుపత్రి చుట్టుపక్కలే నా ప్రాక్టీస్, అంతకుముందు పెద్దాసుపత్రుల్లో వార్డులు చూశాను. కాస్త వివరంగా చెప్తాను.

మొదట, శిశు మరణాలకూ మద్యానికీ నేరుగా సంబంధం వెతకడమే తప్పు చోట వెతకడం. మద్యం వల్ల పోయేది ఎక్కువగా 35 నుంచి 60 మధ్య మగవాళ్లు. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశ సగటు 19 శాతం లోపే. చంటిపిల్లల రేటు ఎంత బాగుపడ్డా ఆ వయసు మగవాళ్ల మరణాల గురించి అది ఏమీ చెప్పదు.

ఇక అవి పట్టికలో ఎందుకు లేవంటే, కాగితం దగ్గరికి వెళ్లాలి. ఆసుపత్రిలో ఎవరైనా చనిపోతే డాక్టరు ఫారం 4 నింపాలి. ఇంట్లో పోతే, చివరి జబ్బుకు చూసిన డాక్టరు ఫారం 4ఎ. అందులో మొదటి భాగంలో మూడు గీతలు ఉంటాయి. మొదటిది, చావుకు వెంటనే దారి తీసింది ఏమిటి. రెండోది, దానికి ముందున్నది. మూడోది, అసలు ఎక్కడ మొదలైంది. దాని కింద రెండో భాగంలో తోడున్న ఇతర జబ్బులు.

నేను చూసిన లాంటి కేసు ఒకటి అనుకోండి. నలభై ఏడేళ్ల మనిషి, రక్తం కక్కుతూ వచ్చాడు. మొదటి గీతలో కడుపులో రక్తస్రావం. రెండో గీతలో అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు. మూడో గీతలో మద్యం వల్ల లివర్ సిరోసిస్. లెక్కల్లోకి ఎక్కేది ఈ మూడో గీతే. దానికే కోడ్ వేస్తారు. రాత్రి రెండింటికి హౌస్ సర్జన్ పిల్లవాడు నిద్రకళ్లతో మొదటి గీతలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి సంతకం పెడితే? ఆ మనిషి గుండె జబ్బుల ఖాతాలో పడిపోతాడు, లేదా దేనికీ పనికిరాని కోడ్‌లో పడతాడు. గుండె, ఊపిరి ఆగనిదే ఎవరూ చనిపోరు. అది చావు తీరు, చావుకు కారణం కాదు. ప్రతి బ్యాచ్‌కూ ఈ పాఠం చెప్తాం. ప్రతి బ్యాచ్ అలాగే రాస్తుంది.

అదీ ఫారం నింపినప్పటి మాట. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతా వాళ్లు ఎందుకు పోయారో ప్రభుత్వానికి కాగితం మీద తెలియదు.

బోడుప్పల్ బాబాయ్

అంటే డిపో నుంచి బయలుదేరిన ప్రతి సీసాకూ హోలోగ్రాం, నంబరు, ఏ షాపుకు ఎప్పుడు పోయిందో కంప్యూటర్‌లో లెక్క. ఆ సీసా తాగి పోయినవాడికి మాత్రం "గుండె ఆగింది". బాగుంది డాక్టర్ గారూ.

సైఫాబాద్ ఆడిటర్

బాబాయ్ నవ్వుతూ అన్నా విషయం అదే. ఎక్సైజ్ వాళ్లకు నిన్నటి అమ్మకాలు ఈరోజు తెలుస్తాయి. రాష్ట్ర ఖాతాలు నెలనెలా కాగ్ సైట్‌లో పెడతారు. 2021లో ఎంతమంది చనిపోయారన్న దేశ రిజిస్ట్రేషన్ నివేదిక బయటికి వచ్చింది 2025 మే నెలలో. రాబడి అంత త్వరగా లెక్కపెట్టగలిగిన యంత్రాంగమే ఇది కూడా. చేతకాక కాదు, అడిగేవాళ్లు లేక.

మల్కాజిగిరి వదిన

ఇన్ని రోజులు చదువుతున్నా గానీ రాయలేదు. ఇది చూసి ఆగలేకపోయాను. మా పెద్దన్నయ్య మూడేళ్ల కిందట పోయాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. కడుపు నీరు పట్టి ఉబ్బి, కళ్లు పచ్చబడి, చివరి వారం మమ్మల్ని గుర్తుపట్టలేదు. డాక్టరు మాతో నోటితో "లివర్ పూర్తిగా పోయిందమ్మా, తాగుడే" అన్నాడు. కాగితం ఇచ్చేముందు మా బంధువు ఒకాయన వెళ్లి తాగుడు సంగతి రాయొద్దని బతిమాలాడు. ఇన్సూరెన్స్ ఆగిపోతుందని, పిల్లల పెళ్లిళ్లప్పుడు మాట వస్తుందని. రాయలేదు. బిల్లు మాత్రం పైసాతో సహా రాశారు.

మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు మా అమ్మ కూడా మా ఊళ్లో పాకెట్లు కాల్చిన గుంపులో ఉంది. మరుసటి ఏడాది సారా ఆపారు, తర్వాత ఎన్టీఆర్ గారు మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్లీ ఎత్తేశారు. ఎత్తేసినప్పుడు చెప్పింది ఖజానా కష్టాల గురించి. అప్పుడు కూడా ఖజానా లెక్క ఎవరి దగ్గరైనా ఉంది, మా ఊళ్లో ఎంతమంది పోయారన్న లెక్క మా అమ్మలాంటి వాళ్ల నోట్లోనే ఉంది.

తాటివనం

అక్కా, మీ అన్నయ్య గురించి బాధగా ఉంది.

మాది గీత వృత్తి కుటుంబం, అందుకే ఒకటి చెప్పాలి. చెట్టు మీది కల్లును, వైన్స్‌లో సీసాను ఒకే గాటన కట్టకండి. నగరంలో 2004లో కల్లు దుకాణాలు మూశారు, 2014లో మళ్లీ తెరిచారు. ఇన్ని దుకాణాలకు సరిపడా తాటిచెట్లు హైదరాబాద్ చుట్టూ ఎక్కడున్నాయని అప్పుడే మా నాన్న అడిగాడు. చెట్టు లేనిచోట మత్తుమందు కలుస్తుంది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి జనం పోయారు. ఆ చావులు పేపర్లో వచ్చాయి కాబట్టి లెక్కకు వచ్చాయి. రోజూ కొంచెం కొంచెం తాగి కిడ్నీలు పోయినవాళ్లది ఏ లెక్క?

ఇంకో మాట. మరణాల లెక్కలు లేవంటున్నారు గానీ ఒక పెద్ద లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంది. రైతు బీమా. 2018 ఆగస్టు నుంచి నడుస్తోంది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. ప్రీమియం సర్కారుదే, అంటే మన పన్నులదే. లక్షకు పైగా కుటుంబాలకు ఇచ్చారు. డాక్టర్ గారు చెప్పిన వయసు మగవాళ్లు అందులోనే ఉన్నారు. మండలాల వారీగా, వయసు వారీగా బయట పెడితే ఎక్కడ ఎక్కువ పోతున్నారో తెలిసిపోతుంది.

నల్లకుంట డాక్టరు

తాటివనం గారూ, ఇది నాకు తట్టని కోణం కాదు గానీ ఇంత సూటిగా ఎవరూ అనలేదు. రైతు బీమాలో ఇంకో మేలు ఉంది. సహజ మరణమైనా డబ్బు వస్తుంది కాబట్టి కారణం దాచాల్సిన పని కుటుంబానికి లేదు. లోటు ఏమిటంటే భూమి లేని కూలీ అందులో లేడు, హైదరాబాద్ అడ్డా మీద నిలబడే మేస్త్రీ లేడు. తాగుడు ఎక్కువగా పిండేసేది వాళ్లనే.

సీతాఫల్‌మండి స్టాట్స్

హైదరాబాద్ పేరు వచ్చింది కాబట్టి: ఈ నగరం మరణాల లెక్కను జనాభాతో భాగించి పక్క జిల్లాతో పోల్చకు తమ్ముడూ. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేస్తారు, మనిషి ఏ ఊరివాడన్నది కాదు. ఆదిలాబాద్ నుంచి గాంధీకి, మహబూబ్‌నగర్ నుంచి ఉస్మానియాకు, కర్ణాటక సరిహద్దు నుంచి నిమ్స్‌కు వచ్చి పోయినవాళ్లంతా నగరం ఖాతాలో పడతారు. చంటిపిల్లలైతే నీలోఫర్. అది చూసి హైదరాబాద్‌లో పిల్లలు ఎక్కువ చనిపోతున్నారంటే ఎలా? డబ్బు వైపు కూడా ఇదే తంటా. మద్యం అమ్మకాలు డిపో ఉన్న జిల్లా పేరు మీద పడతాయి, తాగింది ఎక్కడైనా కావచ్చు.

నిర్వచనం మారితే అంకె ఎలా మారుతుందో కోవిడ్‌లో చూశాం. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందు పెట్టిన లెక్కల్లో తెలంగాణ అధికారిక కోవిడ్ మరణాలు 4 వేల లోపు. 50 వేల పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. పరిహారానికి కోర్టు పెట్టిన నిర్వచనం వెడల్పైనది, పాజిటివ్ వచ్చిన ముప్పై రోజుల్లో పోతే చాలు. ఆసుపత్రి రాసిన కారణం ఇరుకైనది. అందరూ అబద్ధం చెప్పారని కాదు, గీత గీసిన చోటు వేరు.

రోడ్డు ప్రమాదాల్లోనూ అదే. 2022లో తెలంగాణలో 7,559 మంది పోయారు. దేశ నివేదికలో మరణాలకు కారణం చూస్తే 71 శాతం "అతివేగం", మద్యం, డ్రగ్స్ కలిపి 2.5 శాతం. తాగి వేగంగా నడిపినవాడిని ఎఫ్‌ఐఆర్ రాసే కానిస్టేబుల్ ఏ గడిలో పెడతాడో నీకే వదిలేస్తున్నా.

బోడుప్పల్ బాబాయ్

శనివారం రాత్రి ఉప్పల్ రింగు దగ్గర నిలబడితే ఆ 2.5 శాతం మొత్తం అక్కడే కనపడుతుంది.

అయినా ఒకటి అడుగుతా. ఆపేస్తే మాత్రం? 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు వైన్స్ మూస్తే వారం తిరక్కుండా ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ముందు లైను కట్టారు, చేతులు వణుక్కుంటూ. మూసినా చస్తారు, తెరిచినా చస్తారు. తెరిస్తే కనీసం సర్కారుకు డబ్బులన్నా వస్తాయి.

మోడరేటర్

బాబాయ్ గారూ, మానసిక ఆరోగ్య ఆసుపత్రి అందాం. మిగతా వాదన కొనసాగించండి.

నల్లకుంట డాక్టరు

బాబాయ్ గారూ, ఆ వణుకు మందుతో నయమయ్యేదే. ఒక్కసారిగా ఆపేసినప్పుడు ఏ ఏర్పాటూ లేకపోవడం వల్ల వచ్చిన గొడవ అది. నేను నిషేధం అడగడం లేదు. రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధం వైపు ప్రయత్నించమంటుంది, అదే అధికరణం ప్రజారోగ్యం బాగుచేయడం ప్రభుత్వ ప్రాథమిక బాధ్యత అని కూడా అంటుంది. మొదటి సగం మీద ఎన్నికల్లో గొంతు చించుకుంటాం, రెండో సగం అందరూ మర్చిపోతాం. నేను అడిగేది చిన్నది. మూడో గీత నింపండి. అది నిండితే మద్యం మీద వచ్చే రూపాయికి ఎదురుగా ఏం పెట్టాలో ఆర్థిక శాఖకే తెలుస్తుంది. నిండకపోతే ఈ గొడవ ఎప్పటికీ చాయ్ హోటల్ గొడవే.

వదిన గారూ, మీ బంధువు భయానికి ఒక జవాబు ఉంది, చాలామందికి తెలియదు. మీసేవలో ఇచ్చే డెత్ సర్టిఫికెట్ మీద మరణ కారణం అచ్చు వేయరు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షనే దాన్ని బయటికి ఇవ్వొద్దంటుంది. పిల్లల పెళ్లిళ్ల దాకా ఆ మాట పోదు. 2023 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రైవేటైనా, సర్కారీ అయినా, ఆసుపత్రి కారణం ధ్రువపత్రాన్ని ఉచితంగా రిజిస్ట్రార్‌కు పంపాలి, దగ్గరి బంధువుకు ఒక కాపీ ఇవ్వాలి. అడిగి తీసుకోండి. అందులో మొదటి గీత ఒక్కటే నిండి ఉంటే మూడోది ఏమిటని అక్కడే అడగండి.

మల్కాజిగిరి వదిన

ఇన్సూరెన్స్ వాళ్లకైనా తెలుస్తుంది కదా డాక్టర్ గారూ? వాళ్లకు ఆసుపత్రి రికార్డులు అన్నీ ఇవ్వాల్సిందే.

నల్లకుంట డాక్టరు

తెలుస్తుందమ్మా. ప్రైవేటు పాలసీ అయితే కేసు షీటు అడుగుతారు, అందులో తాగుడు ఎలాగూ రాసే ఉంటుంది. ఫారం 4లో దాచినంత మాత్రాన అక్కడ లాభం లేదు. నష్టం మాత్రం లెక్కకు.

చిక్కడపల్లి చదువరి

గ్రాఫు తీసేయను. బీహార్ గీత, మన గీత పక్కపక్కన పెట్టి, కింద 0039, 2210 పద్దులు రాస్తా. తాటివనం అన్న చెప్పిన రైతు బీమా పాయింటు చివరి పేరాలో వాడుకుంటా, ఏమీ అనుకోవద్దు. ఆడిటర్ గారూ, ఆరోగ్యం ఖర్చుకు 2210 ఒక్కటి చాలా, 4210 కూడా కలపాలా?

సైఫాబాద్ ఆడిటర్

2210 రోజువారీ వైద్యం ఖర్చు, 2211 కుటుంబ సంక్షేమం, 4210 భవనాలు, పరికరాలు. మూడూ విడివిడిగా చూపించు. కొత్త ఆసుపత్రి కట్టడాలు నడుస్తున్న ఏళ్లలో 4210 ఉబ్బుతుంది. దాన్ని కలిపేసి ఆరోగ్యం ఖర్చు పెరిగిందని రాస్తే, డాక్టర్లు నర్సుల జీతాలు పెరిగాయా లేదా అన్నది కనపడదు. బడ్జెట్ అంచనా కాకుండా రెండేళ్ల వెనకటి అసలు ఖర్చు తీసుకో. అంచనాలో ఉన్న డబ్బంతా ఖర్చయ్యే శాఖ నేను నా సర్వీసులో చూడలేదు, ఒక్క ఎక్సైజ్ వాళ్లే అంచనా దాటించేవాళ్లు, అదీ రాబడిలో.